కంపెనీ వదిలేసినా మనం వదలని పేజ్‌మేకర్

డీటీపీ నేర్పే సెంటర్ల బోర్డుల మీద పేజ్‌మేకర్, కోరల్ డ్రా, ఫోటోషాప్ అన్న మూడు పేర్లు వరసగా కనపడటం ఎంత మామూలైపోయిందంటే, అందులో మొదటిది ఎప్పుడో ఆగిపోయిన సాఫ్ట్‌వేర్ అన్న సంగతి చూసేవాళ్లకు తట్టదు. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఇక దీన్ని ముందుకు తీసుకెళ్లబోమని, తన మరో సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌కు మారండని 2004లో అడోబీ చెప్పేసింది. అయినా ఆ తరవాత ఎన్నో ఏళ్లపాటు తెలుగు నవలలు, కవితా సంపుటాలు, గైడ్లు, పంచాంగాలు, సావనీర్లు అందులోనే పేజీలు కట్టుకుని ప్రెస్సుకు వెళ్లాయి. ఇప్పటికీ కొన్ని వెళుతున్నాయి. డిజైన్ సాఫ్ట్‌వేర్ గుత్తాధిపత్యం అనగానే కంపెనీ ఎత్తుగడలు, ధరలు, చందాల మాట వస్తుంది. అవన్నీ ఉన్నమాటే. కానీ ఇల్లుగలాయనే ఖాళీ చేయమని బతిమాలుతున్నా అద్దెకున్నవాళ్లు కదలని ఈ కథకు ఆ లెక్క సరిపోదు. తిట్టుకుంటూనే ఒక సాఫ్ట్‌వేర్‌ను పట్టుకుని వేలాడే డిజైనర్ల ధోరణిని బద్ధకమనో, బానిసత్వమనో, దొంగ కాపీల రుచి అనో తేల్చేయడం తేలిక. నాకు కనిపించేది వేరు. సాఫ్ట్‌వేర్‌కు ఉన్న పట్టు సాఫ్ట్‌వేర్‌లో లేదు. దానికి అమరిన ఫాంటులో, దానికి అలవాటుపడిన వేళ్లలో, దాని ఫైలునే అడిగే ప్రెస్సులో, బీరువాలో పేరుకున్న పాత సీడీల్లో ఉంది. ఈ నాలుగింటి సంగతి పనివాడికి బాగా తెలుసు. అతని మనసు రెండుగా చీలడానికి కారణం తెలియకపోవడం కాదు, తెలిసి ఉండటమే.

పేజ్‌మేకర్ పుట్టింది 1985లో, తరవాత అడోబీలో కలిసిపోయిన సియాటిల్ కంపెనీ ఆల్డస్‌లో. దాని వ్యవస్థాపకుడు పాల్ బ్రెయినర్డ్ పత్రికారంగం నుంచి వచ్చినవాడు. ‘డెస్క్‌టాప్ పబ్లిషింగ్’ అన్న మాటను చలామణీలోకి తెచ్చిందీ ఆయనే. అదే ఏడు యాపిల్ లేజర్‌రైటర్ ప్రింటరు వచ్చింది, దాని లోపల అడోబీవారి పోస్ట్‌స్క్రిప్ట్ ఉంది. ఈ మూడూ కలిస్తే సీసపు అక్షరాల కేసు, కంపోజింగ్ స్టిక్, గ్యాలీ ప్రూఫు అన్నీ ఒక బల్ల మీదికి వచ్చేశాయి. ఇంగ్లీషుకు ఇది సాఫీగా జరిగింది. తెలుగుకు అలా జరిగే వీల్లేదు. అప్పటి ఫాంటులో గళ్లు 256. వాటిలో కంప్యూటరు తన అవసరాలకు అట్టిపెట్టుకున్నవి పోగా ఇంకా తక్కువ. తలకట్లు, గుణింతాలు, ఒత్తులతో తెలుగు కంపోజిటరు కేసులో వందల గళ్లుండేవి. అన్నింటినీ ఆ కాసిని గళ్లలో ఇరికించడానికి మన ఫాంటు తయారీదారులు కనిపెట్టిన ఉపాయం అక్షరాన్ని ముక్కలు చేయడం. అక్షరపు ఒళ్లు ఒక గడిలో, తలకట్టు ఒక గడిలో, గుడి మరొక గడిలో, ఒత్తు ఇంకో గడిలో. ‘స్త్రీ’ అన్నది తెరమీద ఒక అక్షరంలా కనిపించినా లోపల గుడిదీర్ఘం ఎక్కిన స, కింద త ఒత్తు, పక్కన క్రావడి అనే విడి ముక్కలు. కంప్యూటరు దృష్టిలో ఆ ముక్కలు తెలుగే కావు, యూరపు భాషల్లో వాడే ఏవో గుర్తులు. అందుకే ఫాంటు లేని కంప్యూటర్లో, అను అనే తెలుగు ఫాంట్లతో చేసిన ఫైలు తెరిస్తే చుక్కలూ టోపీలూ పెట్టుకున్న రోమన్ అక్షరాల గజిబిజి కనిపిస్తుంది.

పేజ్‌మేకర్‌కు తెలుగు రాదు. దాన్ని తెలుగువాళ్లకు దగ్గర చేసింది ఆ రాకపోవడమే. తనకేం తెలియదు కాబట్టి ఇచ్చిన ముక్కలను ఇచ్చిన వరసలో పెట్టి ఊరుకునేది, అడ్డుచెప్పేది కాదు. ఆ సందులోనే అను ఫాంట్లు, పుణేలోని మాడ్యులర్ ఇన్ఫోటెక్ వారి శ్రీలిపి, ప్రభుత్వ సంస్థ సీడాక్ సాధనాలు కాపురం పెట్టాయి. ఎవరి గడుల అమరిక వారిది, ఎవరి కీబోర్డు వరస వారిది. భారతీయ లిపులకు ఒక ఉమ్మడి సంకేత పద్ధతి కావాలని ప్రభుత్వం ఆలోచించకపోలేదు, ఇస్కీ ప్రమాణం 1991లోనే ఖరారైంది. కానీ పేజీ కట్టే సాఫ్ట్‌వేర్‌కు కావలసింది ప్రమాణం కాదు, బొమ్మ. కాగితం మీద అక్షరం అందంగా పడిందా లేదా అన్నదే ప్రశ్న. ఒత్తు కాస్త ఎడంగా పడితే ఆపరేటరు దాన్ని రెండు నొక్కులు లోపలికి జరిపేవాడు. శీర్షికలో దీర్ఘం పక్క అక్షరానికి తగిలితే విడదీసేవాడు. సీసపు అక్షరాలతో కంపోజిటరుకు ఉన్న చేతివాటం తెరమీద కూడా మిగిలింది.

దానికి చెల్లించిన మూల్యం తరవాత తెలిసింది. ఫైలులో ఒక మాట వెతకాలంటే అది ఏ వరసలో కొట్టారో తెలియాలి. ఒత్తు ముందు కొట్టి క్రావడి తరవాత కొట్టినా, క్రావడి ముందు కొట్టినా కాగితం మీద తేడా కనపడకపోవచ్చు, వెతుకులాటలో మాత్రం అవి రెండు వేర్వేరు మాటలు. పుస్తకం చివర పదసూచిక వేయాలంటే కంప్యూటరు అకారాది క్రమంలో పేర్చలేదు, దానికి తెలిసిన క్రమం రోమన్ గుర్తులది. నిఘంటువులూ పారిభాషిక పదకోశాలూ తయారుచేసినవాళ్లు యంత్రం చేయవలసిన పని చేత్తో చేశారంటే కారణం ఇదే. లైను చివర మాట విరగాల్సి వస్తే ఎక్కడ విరవాలో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. అక్షరం ఒక లైనులో, దాని ఒత్తు కింది లైను మొదట్లో దిక్కులేకుండా నిలబడిన పుస్తకాలు పాఠకులు చూసే ఉంటారు. ప్రూఫ్ రీడరు తప్పు అనుకుంటాం గానీ, అది ఆ ముక్కల పద్ధతి పుట్టుక లోపం.

ఇంత తెలిసీ ఎందుకు మారలేదంటే, ఆపరేటర్ల బద్ధకం అన్నది వెంటనే వచ్చే జవాబు. డీటీపీ కూలి ఎలా లెక్కకడతారో ఆలోచిస్తే ఈ జవాబు నిలవదు. చాలాచోట్ల లెక్క పేజీకి ఇంత అని. గంటకు ఎన్ని పేజీలు కొడితే అంత. అక్షరం చూడకుండా, కీబోర్డు చూడకుండా, రాతప్రతి మీదే కళ్లు పెట్టి కొట్టగలిగే వేగం రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ వేగం ఒక కీబోర్డు వరసకు కట్టుబడి ఉంటుంది. అనులో ‘యాపిల్’ అని పిలిచే వరస నేర్చినవాడిని ప్రభుత్వ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్ట్‌కు మారమంటే, శాస్త్రీయత దృష్ట్యా అది మంచి సలహానే కావచ్చు, మారినన్నాళ్లూ సగం కూలి ఎవరిస్తారన్నది అతని ప్రశ్న. ఆ ప్రశ్నకు భాషా ఉద్యమాలూ ఇవ్వలేదు, ప్రభుత్వమూ ఇవ్వలేదు జవాబు. అన్ని లిపులకూ ఉమ్మడి సంకేత పద్ధతి అయిన యూనికోడ్‌ను అను వరసలోనే కొట్టే సాధనాలు తరవాత వచ్చాయి. అవి వచ్చాకే కదలిక మొదలైంది. వేళ్లను మార్చమన్నంతకాలం మార్పు రాలేదు, వేళ్లను వాటి మానాన వదిలి లోపలి సంకేతాన్ని మార్చినప్పుడు వచ్చింది. బద్ధకమే కారణమైతే ఇలా జరిగేది కాదు.

ఇది మన ఒక్కరి కథే అనుకుంటే కూడా పొరపాటే. 1990లలో ప్రపంచమంతటా పత్రికలు, పెద్ద ప్రచురణకర్తలు వాడింది క్వార్క్ ఎక్స్‌ప్రెస్. 1987లో డెన్వర్ నుంచి వచ్చిన ఆ సాఫ్ట్‌వేర్ నాణ్యతను డిజైనర్లు మెచ్చుకునేవారు, కంపెనీ వాడకందార్లతో వ్యవహరించే తీరును మాత్రం తిట్టిపోసేవారు. తిడుతూనే కొనేవారు, ఎందుకంటే ప్రెస్సులు క్వార్క్ ఫైలే అడిగేవి. 1999లో అడోబీ ఇన్‌డిజైన్ తెచ్చింది. అది రాగానే ఎవరూ పరుగెత్తలేదు. యాపిల్ తన కంప్యూటర్లను 2001లో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌కు మార్చింది, దానికి సరిపడే క్వార్క్ 2003 దాకా రాలేదు. ఎలాగూ ఇల్లు మారక తప్పని ఆ సమయంలో ఇన్‌డిజైన్ సిద్ధంగా ఉంది. ఫోటోషాప్, ఇలస్ట్రేటర్‌లతో కలిపి ఒకే మూటగా దొరికేది, పైగా క్వార్క్, పేజ్‌మేకర్ పాత ఫైళ్లను తెరిచేది. ఆ చివరి సంగతిని నేను అన్నిటికన్నా పెద్దదిగా చూస్తాను. తాళం ఎక్కడుందో అడోబీకి తెలుసు. మరి అదే ఉపాయం తెలుగు ఆపరేటరు దగ్గర ఎందుకు పారలేదు? పేజ్‌మేకర్ ఫైలు ఇన్‌డిజైన్‌లో తెరుచుకునేది, కానీ లోపలున్నవి ముక్కల అక్షరాలే. కొత్త ఇంట్లోనూ అదే పాత ఫాంటు, అదే గుడ్డి వెతుకులాట. దానికోసం ఖరీదైన సాఫ్ట్‌వేరూ, దానికి తగ్గ కొత్త కంప్యూటరూ దేనికి?

ప్రత్యామ్నాయం ఉంటే చాలు, ఆధిపత్యం తనంతట తగ్గుతుందనేవాళ్లు ఫ్రీహ్యాండ్ కథ గుర్తుచేసుకోవాలి. బొమ్మలు గీసే అడోబీ సాఫ్ట్‌వేర్ ఇలస్ట్రేటర్‌కు దీటైన అది ఆల్డస్ చేతిలో ఉండేది. 1994లో అడోబీ ఆల్డస్‌ను కలుపుకున్నప్పుడు, పోటీ చచ్చిపోతుందని అమెరికా వాణిజ్య కమిషన్ అడ్డుపడి ఫ్రీహ్యాండ్‌ను విడదీయించింది, పదేళ్లపాటు అడోబీ దాన్ని కొనకూడదని కట్టడి పెట్టింది. అది మాక్రోమీడియా చేతికి వెళ్లింది. పదేళ్ల గడువు ముగిసింది. 2005లో అడోబీ మాక్రోమీడియానే కొనేసింది, 2007లో ఫ్రీహ్యాండ్ అభివృద్ధి ఆపేసింది. దాన్ని నమ్ముకున్న డిజైనర్లు సంఘం కట్టి 2011లో కోర్టుకెక్కారు. ఫ్రీహ్యాండ్ మాత్రం తిరిగి రాలేదు. మంచి ప్రత్యామ్నాయానికి మారిన మనిషే చివరికి నష్టపోయాడు, తన ఫైళ్లతో సహా. ‘అందరూ వాడేది వాడితే మునిగినా అందరితో పాటే మునుగుతాం’ అనుకునే జాగ్రత్త ఎక్కడినుంచి వస్తుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. 2022లో వెబ్, యాప్ తెరల డిజైన్ సాఫ్ట్‌వేర్ ఫిగ్మాను రెండు వేల కోట్ల డాలర్లకు కొంటామని అడోబీ ప్రకటించినప్పుడు ఆ రంగంలోని డిజైనర్లు ఉలిక్కిపడటానికి ఈ జ్ఞాపకం కూడా ఒక కారణం. యూరపు, బ్రిటన్ నియంత్రణ సంస్థలు అడ్డం తిరగడంతో 2023 డిసెంబరులో ఆ బేరం రద్దయింది.

ఇంకో ఆక్షేపణ ఉంది, దాన్ని దాటవేయకూడదు. మన దగ్గర ఈ సాఫ్ట్‌వేర్లు వ్యాపించింది దొంగ కాపీల మీద, ఊరికే వచ్చేది ఎవరు వదులుకుంటారు అని. వ్యాప్తికి అది కారణమే, కాదనలేం. కానీ అంటిపెట్టుకోవడానికి అది కారణం కాదు. గింప్, ఇంక్‌స్కేప్, స్క్రైబస్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు కూడా ఊరికే వస్తాయి, పైగా దొంగతనం భయం లేకుండా. ధర రెండు వైపులా సున్నా అయినప్పుడు కూడా పనివాళ్లు ఒకవైపే ఉన్నారంటే చూడవలసింది ధరను కాదు. ఇక్కడ విషయం కాస్త విచిత్రంగా ఉంటుంది. ఫోటోషాప్‌లో యూనికోడ్ తెలుగు కొడితే ఒత్తులు విడిపోయి పడే రోజుల్లోనే గింప్, ఇంక్‌స్కేప్ తెలుగును చక్కగా చూపించేవి. వాటి అడుగునున్న పాంగో అనే అక్షరసంయోజన వ్యవస్థ భారతీయ లిపులను ముందే నేర్చుకుంది. అంటే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు తెలుగు వచ్చు, పెద్ద సాఫ్ట్‌వేర్‌కు రాదు. అయినా అచ్చుపని అటు పోలేదు, ఎందుకంటే వాటికి సిరా రాదు. ఆఫ్‌సెట్ ప్రెస్సుకు కావలసింది నీలి, ఎరుపు, పసుపు, నలుపు అన్న నాలుగు ప్లేట్ల లెక్క. గింప్ చాలాకాలం తెర రంగుల్లోనే పనిచేసింది, నాలుగు రంగుల్లో నేరుగా పనిచేయనిచ్చేది కాదు. తెరమీద మెరిసిన ఆకుపచ్చ ప్రెస్సులో మట్టిరంగుకు దిగితే కస్టమరు తిట్టేది సాఫ్ట్‌వేర్‌ను కాదు. స్క్రైబస్ సంగతి దీనికి తిరగేసి. నాలుగు రంగులు, అచ్చుకు పనికొచ్చే పీడీఎఫ్ అన్నీ దానికి మొదటినుంచీ వచ్చు. తెలుగు మాత్రం చాలాకాలం రాలేదు. సంక్లిష్ట లిపులు 2017లో వచ్చిన 1.5.3 ప్రయోగ వెర్షన్‌లో చేరాయి. ధైర్యంగా పనిలో పెట్టదగిన స్థిర వెర్షన్ 1.6 వచ్చింది 2024 జనవరిలో. ఒకదానికి అక్షరం తెలుసు, సిరా తెలియదు. మరొకదానికి సిరా తెలుసు, అక్షరం తెలియదు. రెండూ తెలిసిన ఉచిత ప్రత్యామ్నాయం కోసం తెలుగు ఆపరేటరు పేజ్‌మేకర్ ఆగిపోయాక ఇరవై ఏళ్లు ఆగవలసి వచ్చింది. ఈ ఇరవై ఏళ్లనూ అతని మూర్ఖత్వం ఖాతాలో రాయడం అన్యాయం.

యూనికోడ్ వైపు నుంచి చూసినా ఇంతే. అందులో తెలుగు 1991 నుంచీ ఉంది. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చింది, యూనికోడ్ ఎరగని పేజ్‌మేకర్ 7.0 వచ్చిన ఏడే అది. ఆనాటి నుంచి వెబ్‌లో రాసేవాళ్లు ఒక దారి, అచ్చులో కొట్టేవాళ్లు ఒక దారి అయ్యారు. పత్రికల వెబ్‌సైట్లు కూడా చాలాకాలం సొంత ఫాంట్లతో నడిచాయి. ఆ గుర్తులను యూనికోడ్‌లోకి మార్చి చూపించడానికి ఫైర్‌ఫాక్స్‌కు ‘పద్మ’ అనే యాడ్ఆన్ వాడేవారు. అచ్చువాళ్లను అటు రమ్మని పిలిచినవాళ్లు ఒకటి మరిచిపోయారు. శుభలేఖకు, సినిమా కరపత్రానికి, పుస్తకం అట్టకు ఒకే గౌతమి చాలదు. అను సంచిలో లావు, సన్నం, వాలు, వయ్యారం అన్నీ ఉన్నాయి. యూనికోడ్‌లో వేళ్లమీద లెక్కపెట్టే ఫాంట్లతో డిజైనరు ఏం చేయాలి? ఈ కొరత తీర్చడంలో 2011-12లో సిలికానాంధ్ర సంస్థ, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి విడుదల చేసిన ఫాంట్లకు పెద్ద పాత్ర ఉంది. రామరాజ, మల్లన్న, మండలి, పెద్దన, సూరన్న లాంటివి ఎవరైనా వాడుకునే అనుమతితో వచ్చి, తరవాత గూగుల్ ఫాంట్లలో చేరాయి. అదే 2012లో ఇన్‌డిజైన్ సీఎస్6 తెలుగుతో సహా భారతీయ లిపులను గుర్తించడం మొదలుపెట్టింది. అడోబీని తిట్టేవాళ్లు ఈ మేలును ఒప్పుకోవాలి. అయితే ఆపరేటరుకు ఇక్కడా ఒక చిక్కు ఉంది. తెలుగు తెలిసిన సాఫ్ట్‌వేర్‌లో ఒత్తు ఎక్కడ పడాలో ఫాంటే నిర్ణయిస్తుంది. ఫాంటులో లోపముంటే చేత్తో జరపడానికి ముక్క దొరకదు. తెలుగు రాని సాఫ్ట్‌వేర్ ఇచ్చిన చేతివాటాన్ని తెలుగు వచ్చిన సాఫ్ట్‌వేర్ లాగేసుకుంది. దీన్ని పాతమీద మోజు అనడం సరికాదు, పనిలో తెలిసిన నిజమైన నష్టం ఇది. మొత్తమ్మీద యూనికోడ్ లాభమే ఎక్కువన్నది నా అభిప్రాయం, కానీ నష్టం లేదనను.

అన్నీ కుదిరాయి అనుకునే వేళకు చందా వచ్చింది. సీఎస్6 తరవాత సాఫ్ట్‌వేర్ అమ్మేది లేదు, క్రియేటివ్ క్లౌడ్ చందా కట్టుకుని వాడుకోవలసిందే అని 2013లో అడోబీ ప్రకటించింది. తెలుగు తెలిసిన మొదటి ఇన్‌డిజైనే, ఒకసారి కొని అట్టిపెట్టుకోదగిన చివరిది కూడా అయింది. పెద్ద స్టూడియోలకు చందా సౌకర్యమే, ఖర్చు నెలనెలా పంచుకుపోతుంది. మన పనులకు నెలలు ఒకేలా ఉండవు. ముహూర్తాలున్నప్పుడు శుభలేఖలు, ఎన్నికలప్పుడు ఫ్లెక్సీలు, జూన్‌లో స్కూలు పుస్తకాలు. ఆషాఢం, మూఢం వస్తే షాపు ఖాళీ. చందాకు మూఢం లేదు. పని లేని నెలల్లో మానుకుందామంటే ఏడాది ఒప్పందం మధ్యలో వదిలితే రుసుము పడుతుంది. ఆ రుసుమును వాడకందార్లకు సరిగా కనపడనివ్వలేదని 2024 జూన్‌లో అమెరికా ప్రభుత్వమే అడోబీ మీద దావా వేసింది. పేజ్‌మేకర్ 7.0 పాతదే, లోపాలదే, కానీ ఏ నెలా ఏమీ అడగదు. దాన్ని పట్టుకుని ఉండటంలో ఆ లెక్క కూడా ఉంది.

ఈ పట్టును నిజంగా సడలించింది ప్రత్యామ్నాయాల కన్నా పీడీఎఫ్ అని నేనంటాను. అదీ అడోబీ చేతి పనే, 1993 నాటిది. 2008లో అది అంతర్జాతీయ ప్రమాణమై ఎవరైనా తయారుచేయగల వస్తువైంది. ఒకప్పుడు ప్రెస్సుకు పేజ్‌మేకర్ ఫైలు, దాంతోపాటు ఫాంట్లు పట్టుకెళ్లాలి, లేదంటే బటర్ పేపర్ మీద లేజర్ ప్రింటు తీసుకెళ్లాలి. ఇప్పుడు ఫాంట్లు లోపల పొదిగిన పీడీఎఫ్ ఒకటి పంపితే చాలు. అది స్క్రైబస్‌లో చేశారా, పేజ్‌మేకర్‌లో చేశారా అని ప్లేటు తీసేవాడు అడగడు. మొదట చెప్పిన నాలుగు కట్లలో ప్రెస్సు కట్టు తెగింది. కీబోర్డు కట్టు వదులైంది, ఫాంట్ల కట్టూ కొంత వదులైంది. మిగిలింది పాత ఫైళ్లది. అది తేలిగ్గా తెగేది కాదు. రచయిత దగ్గర పుస్తకం ఉంటుంది, మహా అయితే పీడీఎఫ్ ఉంటుంది. అసలు ఫైలు ఆపరేటరు దగ్గర ఉంటుంది. రెండో ముద్రణకు పది తప్పులు దిద్దాలన్నా ఆ మనిషినే వెతుక్కుంటూ వెళ్లాలి, అతని కంప్యూటర్లో ఆ సాఫ్ట్‌వేర్, ఆ ఫాంటు బతికుండాలి. పేజ్‌మేకర్ ఫైళ్లను చదవగల పనిముట్టును స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాళ్లే తయారుచేశారు, 2015లో వచ్చిన లిబ్రెఆఫీస్ 4.4 నుంచి అది అందుబాటులో ఉంది. ఫైలు తెరుచుకుంటుంది గానీ ముక్కల అక్షరాలను యూనికోడ్‌లోకి మార్చడం వేరే పని. మార్పిడి సాధనాలు చాలావరకు సరిగానే మారుస్తాయి, ఎక్కడ తప్పాయో తెలియాలంటే మాత్రం పుస్తకమంతా మళ్లీ ప్రూఫు చూడవలసిందే. లైన్లు జరుగుతాయి, పేజీలు మారతాయి, పదసూచిక మళ్లీ వేయాలి. నూరు పుస్తకాల ప్రచురణకర్తకు ఇది నూరు పుస్తకాల కూలి.

కాబట్టి అడోబీ మంచిదా, దానికి పోటీ మంచిదా అన్న చర్చను తెలుగు డీటీపీ పనివాడు బయటినుంచి వింటాడు. 2024లో కాన్వా కంపెనీ కొన్న అఫినిటీ డిజైన్ సాఫ్ట్‌వేర్ మరుసటి ఏడు అందరికీ ఉచితమైనప్పుడు ఎక్కడెక్కడి డిజైనర్లో సంబరపడ్డారు. ఫ్రీహ్యాండ్ గుర్తున్నవాళ్లు ఇదెన్నాళ్లని అడిగారు. రెండూ న్యాయమైన స్పందనలే. మన ఆపరేటరు ఆ రెండింటికీ ముందు ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘దారిద్ర్యం’ అని మూడు మాటలు కొట్టి చూస్తాడు. తరవాత నాలుగు రంగుల పీడీఎఫ్ తీసి చూస్తాడు. ఆ రెండూ దాటితే, పదేళ్ల కిందటి ఏదో పుస్తకం ఫైలు దానిలోకి లాగి, ఏం వస్తుందో చూస్తాడు.